ఊరికెళ్లే చొక్కాలు, తనిఖీ కమిటీ

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గొప్ప నమ్మకం ఉండేది. ఒకటి నా ఇంగ్లీషు, రెండోది నా టైపు హయ్యర్ సర్టిఫికెట్టు. మెట్‌పల్లిలో వేళ్లు వాచేలా నేర్చుకున్న ఆ విద్యను చంకనబెట్టుకుని ఇరవై రెండేళ్ల వయసులో సౌదీలో దిగాను. వీసా ఇప్పించినవాడు మా నాయనకు వరసకు అన్న, మా పెద్దబాపు. కువైట్ సరిహద్దు పక్కనున్న ఖఫ్జీలో ఆయన మేస్త్రీ, నేను అదే క్యాంపులో హాజరు రాసే టైమ్‌కీపర్ని. (రోజుకు రెండుసార్లు పేర్లు పిలవడమే నా పని. కానీ ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం 'ఆఫీసు బాధ్యతలు' అని రాసేవాణ్ణి.)

ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, యుద్ధం మొదలయ్యే ముందు మమ్మల్ని దక్షిణాన దమ్మాం పక్కకు తరలించారు. అక్కడికి గ్యాస్ మాస్కులు వచ్చాయి. దొరలకు గొట్టాలున్న పెద్ద మాస్కులు ఇచ్చారు, ఆ తర్వాతి వాళ్లకు చిన్నవి. మా వంతు వచ్చేసరికి పెట్టె ఖాళీ అయింది. మాకు తలా ఒక తువ్వాల ఇచ్చి, సైరన్ మోగితే తడిపి ముక్కుకు కట్టుకోమన్నారు. ఏ దేశం పాస్‌పోర్టుకు ఏది ఇవ్వాలో జాబితా టైపు చేసింది నేనే. ఒక్క తప్పు లేకుండా కొట్టానని ఆ రోజు లోలోపల గర్వపడ్డాను కూడా. పెద్దబాపు తన తువ్వాలను రెండు చేతులతో చాపి చూసి, "మంచిగ మందంగున్నదిరా, ఊరికి తీస్కపోవచ్చు" అన్నాడు.

యుద్ధం అయిపోయి ఖఫ్జీకి తిరిగి వచ్చేసరికి అక్కడ సూర్యుడు లేడు. అవతల కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నాయి. గాలి ఇటు తిరిగిందంటే మిట్టమధ్యాహ్నం కూడా లారీలు లైట్లు వేసుకుని నడిచేవి. ఆరేసిన బనియన్లు నల్లగా, తాగే నీళ్ల మీద మసి, ఉమ్మితే మసి. ఆ పొగలో కూలిన గోడలు కట్టీ కట్టీ పెద్దబాపుకు దగ్గు పట్టుకుంది. కంపెనీలో డాక్టరు లేడా అంటే ఉన్నాడు. ఆయన గదికి ముందు వైపు తలుపు దొరలకు, ఆఫీసు వాళ్లకు. మాకు వెనక కిటికీ. వారానికొకసారి ఆ కిటికీలోంచి కాంపౌండరు చెయ్యి ఒకటి బయటికొచ్చి తెల్ల గోళీ ఇచ్చేది. మోకాలు నొప్పికీ అదే, జ్వరానికీ అదే, పెద్దబాపు దగ్గుకూ అదే. ఇంటికి పొమ్మంటే ఆయన వినేవాడు కాదు. "పోయి ఏం జెయ్యాలెరా? మీ పెద్దమ్మ బీడీలు చుడ్తుంటే కూసొని తినాల్నా? డాక్టరు ఒక్కపారి చెవులల్ల పెట్టుకొని ఈ ఛాతిని ఇంటే సాలు, నాకు తక్కువైతది" అనేవాడు. ఆయన అడిగింది అంతే.

అలాంటి సమయంలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. మాస్కుల పంపకం గురించి ఎవరో పైవాళ్లకు చెప్పారట. ఆ సిగ్గుకొద్దీ అక్కడి కంపెనీలన్నీ కలిసి ఒక నిధి పెట్టాయి. ఏ రంగువాడైనా, ఏ దేశంవాడైనా క్యాంపుల్లో అందరినీ ఒకే తీరుగా చూసేందుకు ఆ గ్రాంటు ఇస్తారు. తేడా ఎక్కడుందో రాసి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కమిటీ వచ్చి స్వయంగా చూస్తుంది. నేను మూడు రోజులు కూర్చుని నాలుగు పేజీలు టైపు చేశాను. ముందు తలుపు, వెనక కిటికీ, తెల్ల గోళీ, పెద్దబాపు దగ్గు, అన్నీ రాశాను. మా క్యాంపుకు వారానికి రెండుసార్లు డాక్టరు రావాలని, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక బండి ఉండాలని అడిగాను. 'మానవజాతి' అన్న మాట తొమ్మిదిసార్లు వాడాను. పెద్దబాపు ఆ కాగితాలను కళ్లకద్దుకుని వేలిముద్ర వేశాడు.

కమిటీ వస్తోందని కబురు వచ్చింది. ఇక్కడే నా చదువు నన్ను ముంచింది. తనిఖీ అంటే నాకు తెలిసిందల్లా మా ఊరి బడి తనిఖీ. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బడికి సున్నం వేసేవాళ్లం. మొద్దు పిల్లలకు ఆ రోజు సెలవు, తెలివైనవాళ్లు ముందు బల్ల మీద. ఆయన మెచ్చుకుని పోతేనే మార్కులు. నేను అదే పట్టుకున్నాను. రోడ్లకు వేయగా మిగిలిన తెల్లరంగు తెచ్చి గదులన్నిటికీ కొట్టించాను. పెట్టెలు తెరిపించాను. గల్ఫ్‌లో ఉన్న మనవాడి పెట్టెలో అడుగున ఒక జత ఉంటుంది, ఊరికెళ్లే రోజున విమానంలో వేసుకోవడానికి. ప్యాంటు మడత నలగదు, చొక్కా మీద గుండుసూదులు అలాగే ఉంటాయి, పక్కనే మూత తియ్యని సెంటు సీసా. ఆ రోజు నలభై మంది చేతా ఆ చొక్కాలు తొడిగించాను. సెంటు కూడా కొట్టించాను. మేకను కోసి బిర్యానీ వండించాను. ఇక దగ్గే పెద్దబాపు ఒక్కడూ మిగిలాడు. మా ఫోర్‌మన్ ఖాన్ సాబ్ నన్ను పక్కకు పిలిచి, "బుడ్డే కో ఛుపావ్ భాయ్. బీమార్ దేఖేంగే తో ఎగ్జిట్ లగా దేంగే" అన్నాడు. జబ్బుపడ్డవాణ్ణి చూస్తే ఇంటికి తోలేస్తారన్న ఆయన భయం ఆయనది. నా మార్కుల యావ నాది. ఇద్దరం కలిసి పెద్దబాపును వంటగది వెనక స్టోరు గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాం. ఆయన తన తువ్వాల భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు.

కమిటీలో ఒక ముసలి దొర, ఒక సౌదీ అధికారి, మాతో మన భాషలో మాట్లాడేందుకు గుంటూరు వైపు నర్సమ్మ ఒకామె వచ్చారు. నల్లటి ఆకాశం కింద తళతళలాడే తెల్లటి గదులు, సెంటు వాసన, వరసగా నవ్వుతున్న నలభై కొత్త చొక్కాలు చూసి దొర నోరు తెరిచాడు. బిర్యానీ రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. నర్సమ్మ మాత్రం అటూ ఇటూ చూస్తూ, "ఒంట్లో బాగోనివాళ్లెవరన్నా ఉంటే చెప్పండి బాబూ, భయపడకండి. ఈ దరఖాస్తులో దగ్గుతో బాధపడుతున్న పెద్దాయన అని రాశారు, ఏరీ ఆయన?" అని అడిగింది. నలభై మందీ నా వైపు చూశారు. నేను చేతులు కట్టుకుని, బడిలో లీడరు చెప్పినట్టు, "ఇప్పుడందరు మంచిగున్నరక్కా, ఏం తక్లీఫ్ లేదు" అన్నాను. ఆమె స్టోరు గది పక్కనే నిలబడి ఉంది. లోపలి నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. దేవుడు మన వైపే ఉన్నాడనుకున్నాను. (ఆ వయసులో దేవుడికి వేరే పనేమీ ఉండదనుకుంటాం.)

నెల తిరిగేలోగా ఉత్తరం వచ్చింది. మీ క్యాంపు పరిస్థితి ఎంతో తృప్తికరంగా ఉంది, మిగతా క్యాంపులకు మిమ్మల్ని ఆదర్శంగా చూపిస్తాం అని మెచ్చుకున్నారు. గ్రాంటు మాత్రం ఆఫీసర్ల కాలనీకి వెళ్లింది. వాళ్లు దానితో అన్ని దేశాల వంటకాల పండుగ పెట్టుకున్నారు. డేరాలు వెయ్యడానికి ఆదర్శ క్యాంపు నుంచి మమ్మల్నే పిలిపించారు. 'అందరూ సమానమే' అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాసిన బ్యానరు కట్టడానికి నేను నిచ్చెన ఎక్కాను. కింద పెద్దబాపు నిచ్చెన పట్టుకున్నాడు. దగ్గు తెర వచ్చినప్పుడల్లా నిచ్చెన ఊగిపోయేది.

"పెద్దబాపూ, ఆ దినం గంత సేపు ఒక్కసారన్న దగ్గకపోతివి. గట్లెట్లున్నవ్?" అని పైనుంచే అడిగాను.

"తువ్వాల నోట్ల కుక్కుకున్న రా" అన్నాడు. "కండ్లల్లకెంచి నీళ్లు కారినయి గని దగ్గలే. నువ్వు గంత ఇంగ్లీషు రాస్తివి, అందరి ముంగట నీ ఇజ్జత్ పోతదేమోనని." నిచ్చెన కాలు సర్ది, "ఆ నర్సమ్మ మంచిదున్నట్టున్నది, గొంతు ఇన్న. దగ్గితే డాక్టరొస్తుండె గదరా" అన్నాడు. మళ్లీ తనే తలెత్తి చూసి, "ఎడమదిక్కు వంకరున్నది, జర పైకి గుంజు" అన్నాడు. నేను కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక బ్యానరు పైకి గుంజాను.

ఆ చలికాలం ఖాన్ సాబ్ భయపడ్డట్టే పెద్దబాపుకు ఎగ్జిట్ కొట్టారు. విమానం ఎక్కే రోజున వేసుకున్నది ఆ ఊరికెళ్లే చొక్కానే, కమిటీ వచ్చిన రోజు మడత విప్పకుండా మిగిలిన చొక్కా మా క్యాంపు మొత్తంలో ఆయనదొక్కటే. ఇంటి దగ్గర మరో రెండేళ్లు బతికాడు. ఆయన ఛాతీ మీద చెవులగొట్టం పెట్టి విన్న మొదటి డాక్టరు కోరుట్లలో ఉన్నాడు. "ఎంత కాలం నుంచి దాచావయ్యా?" అని ఆయన అడిగితే, పెద్దబాపు నా పేరెత్తకుండా "నేనే దాసిన సారూ" అన్నాడట. పెద్దమ్మ చెప్పింది.

ఇప్పుడు నాకు మండలాఫీసు ఎదురుగా ఒక జిరాక్సు కొట్టు ఉంది, దరఖాస్తులు రాసిపెడతాను. అధికారులు ఇల్లు చూడటానికి వస్తున్నారనగానే సున్నం వేయిస్తామని, పట్టుచీర కడతామని పరిగెత్తే వాళ్లను ఆపడం నా ముఖ్యమైన పని. ఉన్నది ఉన్నట్టు ఉంచండి, దగ్గేవాళ్లను గడప దగ్గర కూర్చోబెట్టండి అని చెబుతాను. ఈ సారుకు పిచ్చి అంటారు. టైపు హయ్యర్ పాసైన ఆ కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను. ఆ తువ్వాలను పెద్దమ్మ నాకే ఇచ్చింది, కొట్టులో మిషను మీద దుమ్ము పడకుండా కప్పుతున్నాను. పెద్దబాపు చెప్పింది నిజమే, మంచిగా మందంగా ఉంది, ఇంకా చిరగలేదు.