మా మరిది ఆటో ఎక్కలేదు

మా ఇంట్లో అందరినీ నవ్వించే కథ ఒకటుంది. పెళ్ళిలోనో, పేరంటంలోనో ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుంటారు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్విన ప్రతిసారీ గుండెలో ఒక రాయి అటునుంచి ఇటు దొర్లుతుంది. ఏడేళ్ళుగా ఆ రాయిని మోస్తున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది చిత్తూరులో చిన్న కుట్టుమిషను కొట్టు. మా అత్త గొంతు క్యాన్సరుతో పోయింది. ఆమెను ఆసుపత్రుల చుట్టూ తిప్పినన్నాళ్ళూ, వరండాల్లో చాపలు పరుచుకుని వైద్యం కోసం కాచుకున్న పల్లె జనాన్ని చూశాను. ఆమె పోయిన మరుసటి ఏడు, అలాంటివాళ్ళ కోసం చందాలు పోగుచేయడానికి తిరుపతిలో నడక పెడుతున్నారని తెలిసింది. తిరుచానూరు నుంచి అలిపిరి దగ్గరి మైదానం దాకా, పది కిలోమీటర్లు. నడిచేవాళ్ళ పేరు మీద తెలిసినవాళ్ళు చందా ఇవ్వాలి.

నాకు పూనకం వచ్చినట్టయింది. కొట్టుకొచ్చిన ప్రతి మనిషినీ పట్టుకున్నాను.

"నడస్తావా, సందా ఇస్తావా? ఏదో ఒగటి సెప్పు. లేకుంటే జాకెట్టు ఇయ్యను."

ఒక పెళ్ళికూతురి జాకెట్టు కూడా ఆపాను. ఆ పిల్ల కాబోయే మొగుణ్ణి వెంటబెట్టుకుని మరీ నడకకు వచ్చింది. ఎదురింటి మేరీ తన చర్చివాళ్ళను కూడగట్టింది. మా నాయన, "నేను నడవలేనమ్మే, నడిసేవాళ్ళని అదిలించేదానికి వస్తా" అన్నాడు. మొత్తం ఇరవై మందిమి తేలాం. అందరికీ పసుపు చొక్కాలు నేనే కుట్టాను, చీర మీదైనా వేసుకునేటంత వదులుగా.

మా మరిది మునిరత్నం చొక్కాకు మాత్రం ఇద్దరి గుడ్డ పట్టింది. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. భారీ మనిషి. వీధి చివరి అంగడికి కూడా బండి మీదే పోయే రకం. "నేనూ వస్తా వదినా" అన్నప్పుడు ఇల్లంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు.

నడక రోజు పొద్దున్నే డప్పులు, జెండాలు. దారి పొడుగునా జనం గడపల్లో నిలబడి చూస్తున్నారు. ఒక ఇడ్లీ కొట్టాయన మాకందరికీ ఊరికే టీ ఇచ్చాడు. అంత సంతోషమైన పొద్దు నా జీవితంలో చాలా తక్కువ. నేను అందరికంటే ముందున్నాను. "నాయకురాలు ముందు చేరాలి గదా" అని వారం రోజులుగా ఊదరగొట్టి ఉన్నాను మరి. కాళ్ళకు కొత్త బూట్లు. షోకుకు కొన్నవి.

సగం దారి దాటేసరికి మడమ బొబ్బలెక్కింది. ఇంకాస్త నడిచేసరికి అది పగిలింది. నీళ్ళు తాగే నెపంతో ఒక సందులోకి తిరిగాను. అక్కడ ఆటో ఉంది. "యాడికమ్మా?" అన్నాడు డ్రైవరు.

ఎక్కాను.

నొప్పి వల్లేనా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. కాదు. నొప్పే అయితే గట్టు మీద కూర్చుని ఏడ్చి ఉండొచ్చు, మేరీ భుజం పట్టుకుని కుంటి ఉండొచ్చు, నా వల్ల కాలేదని ఒప్పుకుంటే మా నాయన నాలుగు తిట్టి ఊరుకునేవాడు. అందరినీ అదిలించిన నోరు నాది. ఆ నోటితో ఓడిపోయానని చెప్పలేకపోయాను. అంతే.

మైదానానికి ఒక వీధి ఇవతల దిగి, కుంటు కనబడకుండా లోపలికి నడిచాను. చప్పట్లు. మా జట్టే ఎక్కువమందిని తెచ్చిందని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. కాసేపటికి మునిరత్నం వచ్చాడు. చెమటతో తడిసి, ముఖం కందగడ్డలా ఎర్రబడి, చెయ్యెత్తి ఊపుతూ వచ్చాడు. మా కుర్రకారు ఇంకా వెనకే మజ్జిగ తాగుతూ ఉన్నారు.

అప్పుడే మైకు పట్టుకున్నాయన సరదాగా అన్నాడు: "పసుపు చొక్కా వాళ్ళలో ఒకరు ఆటో దిగినారంట! దూరంనుంచి మావాడు చూసినాడు. ఎవరబ్బా?"

అందరి కళ్ళూ మునిరత్నం మీద పడ్డాయి.

"నేను నడిసినాను" అన్నాడాయన. జనం ఇంకా నవ్వారు. మైకు నా చేతికిచ్చారు. అప్పుడైనా ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు.

"మా మునిరత్నానికి కాళ్ళకంటే సక్రాలంటేనే ఇష్టం సార్" అన్నాను.

మైదానం మొత్తం నవ్వింది. మునిరత్నం కూడా నవ్వాడు. ఎత్తిన చెయ్యి మాత్రం దించేశాడు.

తిరుగు బస్సులో ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"వదినా, నువ్వు గూడా నేను ఆటో ఎక్కినాననే అనుకుంటాండావా?"

"పోనీలే అబ్బా. ఎట్లొస్తే ఏమి, వచ్చినావు గదా."

"అట్ల గాదు. అమ్మ కోసరం నడిసినా. రెండు నెల్లుగా తెల్లారక ముందే లేసి హైవే పక్కన నడస్తాండా. నగతారని ఎవురికీ సెప్పలా. ఎవురు నమ్మకపోయినా పర్వాలేదు, నువ్వు నమ్మితే సాలు."

"నమ్మినాలే" అన్నాను నవ్వుతూ.

"నగకుండా సెప్పు వదినా."

నేను కిటికీ వైపు తిరిగి, "అదో, చెరుకురసం బండి" అన్నాను.

ఆ రోజు నుంచి ఆయన 'ఆటో మునిరత్నం' అయ్యాడు. సెల్‌ఫోనుల్లో ఆయన పేరు అలాగే ఉంటుంది. తెల్లవారుజాము నడక మానేశాడు. మేం ఏటా నడకకు పోతాం, ఏటా జనం పెరుగుతున్నారు. ఆయన చందా పంపిస్తాడు, రాడు. ఆ చందాలతో ఎందరికో వైద్యం అందిందని నాకు నేను చెప్పుకుంటాను. నిజమే. కానీ ఆ నిజం ఈ అబద్ధాన్ని కడగదు.

మొన్న ఆయన కూతురి నిశ్చితార్థంలో, కాబోయే వియ్యంకుడు ఆ పేరెందుకొచ్చిందని అడిగాడు. మునిరత్నమే కథ అందుకున్నాడు. "నేను ఎక్కగానే ఆటో ముందు సక్రం పైకి లేసింది అన్నా! డ్రైవరు దండం పెట్టినాడు!" పందిరంతా నవ్వుల్లో మునిగింది. తను ఎక్కని ఆటోను అంత బాగా వర్ణిస్తున్నాడు. నడిచానని చెప్పి విసిగిపోయాడో, నన్ను కనిపెట్టి వదిలేశాడో, లేక తనకే అది నిజమైపోయిందో. నేను జాంగ్రీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. అందరితో పాటు నవ్వాను కూడా.

ఇవాళ కొట్టు తలుపు దగ్గరికి వేసుకుని ఇదంతా రాశాను. ఆ ఆటోలోంచి దిగింది నేను. మా మునిరత్నం పది కిలోమీటర్లూ నడిచాడు. ఈ రెండు వాక్యాలూ పైకి చదివి చూసుకున్నాను. ఆయన ముందు చదివే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. రాసిన కాగితం మాత్రం చింపలేదు.