మంట కనపడలేదన్న తల్లి

కొన్నేళ్లుగా ఒక నవ్వును మోస్తున్నాను. అది నాదే. ఎల్‌బీ నగర్‌లోని ఒక దవాఖానలో, కాలిన పసిబిడ్డ మంచం పక్కన నిలబడి, ఆ బిడ్డ తల్లిని చూసి నవ్విన నవ్వు.

అలవాటు కొద్దీ, రూఢి అయినదాన్ని వదంతి నుంచి ముందు వేరుచేస్తాను. పాపకు ఏడాది నిండలేదు. కడుపు మీద, తొడల మీద కాలింది. ఇది నేను కళ్లారా చూశాను. ఒంట్లోంచి నిప్పు దానంతటదే పుట్టిందన్నది గడ్డిఅన్నారం గల్లీ మాట. ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ అంటుకుందని ప్రమాణం చేసినవాళ్లలో ఒక్కరూ చూసినవారు కారు. మనిషి శరీరం తనంతట తాను అంటుకోదు. ఇందులో నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు.

కరోనా రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో రసాయనశాస్త్రం బోధించేవాణ్ణి. మహిమల గుట్టు విప్పడం నా వ్యసనం. పిల్లల వైద్యుడైన మిత్రుడు ఈ వింతను తేల్చమని పిలిచాడు. వార్డు బయట నిమ్మకాయలతో నిలబడ్డ జనం. ‘అగ్నిశిశువు’ అంటూ మైకులో ఊగిపోతున్న విలేకరి. అసహ్యం వేసింది. దానితోనే లోపలికి వెళ్లాను.

నాయనమ్మ చెప్పుకుపోతోంది. పట్టపగలు నల్లగొండ బస్సు దిగి ఇంటికి రాగానే పాప చేతులకు, గౌనుకు శానిటైజర్ పూశారట. గడప మీదనే కర్పూరం వెలిగించి దిష్టి తీశారట. దిష్టి అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకున్నాయి. తల్లి వైపు తిరిగాను.

"నిప్పు దానంతటదే రాదమ్మా. ఎవరు పెట్టారో చెప్పు."

"నా బిడ్డకు నేనెందుకు పెడ్త సార్? మంటనే కనపడలే. గౌను ముడుచుకపోయింది, పిల్ల కెవ్వుమన్నది. గంతే."

"కనపడని మంటా? నీకంటే బయట నిమ్మకాయలోళ్లు నయం. వాళ్లకు కథ అల్లడమైనా వచ్చు."

అలా అని నవ్వాను. బయటికొచ్చి మైకు ముందు, ఇందులో రహస్యమేమీ లేదు, తల్లిని అడగండి అన్నాను. అత్తింటివాళ్లు అడిగారు. పాప కోలుకుంది. తల్లిని పుట్టింటికి పంపేశారు, బిడ్డను ఇవ్వలేదు. ఇది వైద్యమిత్రుడు చెప్పిన మాట. ఆయన గాలికబుర్లు చెప్పే మనిషి కాదు.

కాలేజీలు తెరిచాక, ఎండ పడుతున్న ప్రయోగశాలలో ఏటా చేసే పాఠమే చేశాను. ఈసారి స్పిరిట్ బదులు చేతికందిన శానిటైజర్ పళ్లెంలో పోసి అగ్గిపుల్ల అంటించాను. మంటేది సార్ అని విద్యార్థులు అడిగారు. ఏటా అడుగుతారు. పగటి వెలుతురులో ఆల్కహాల్ మంట కంటికి ఆనదని ఏటా చెబుతాను, పైన కాగితం పట్టి చూపిస్తాను. కాగితం ముడుచుకుపోయింది. అప్పుడు ఆ తల్లి మాట వినిపించింది: మంటనే కనపడలే, గౌను ముడుచుకపోయింది. తాను చూసింది చూసినట్టే చెప్పిన మనిషి, ఆ రోజు ఆ వార్డులో ఆమె ఒక్కతే.

వెంటనే వాళ్లింటికి ఎందుకు వెళ్లలేదు? నడిచి వెళ్లినా ఎంత దూరం? నేను పొరబడ్డానంటే మూఢులకు బలం వస్తుందని నాకు నేనే ఒక ఉదాత్తమైన కారణం కల్పించుకున్నాను. వట్టి బూటకం. నిమ్మకాయలవాళ్లు నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. ఆధారం లేకుండా నమ్మేవాణ్ణి మూర్ఖుడంటాను. ఆధారం నాయనమ్మ నోట వస్తుంటే చెవులు మూసుకుని ఒక తల్లిని దోషిని చేసినవాణ్ణి ఏమనాలి? వాళ్ల నిమ్మకాయలు ఏ బిడ్డనూ తల్లికి దూరం చేయలేదు.

గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ ఊరి బయటికి తరలిపోయాక, చివరికి వాళ్ల గల్లీకి వెళ్లాను. పాప తండ్రి ఆ మార్కెట్‌లో హమాలీ. కిరాయి గది ఖాళీ చేసి తుర్కయంజాల్ వైపు పోయారన్నారు. వెతికితే దొరికేవారు. వెతకలేదు.

గౌను పారేశారు కనుక, దానికి పూసిన శానిటైజర్‌కు దిష్టి కర్పూరం అంటుకుందన్న నా వివరణకూ రుజువు లేదు. అయినా నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఆ పాప ఇప్పుడు బడికి పోయే ఈడు. కడుపు మీది మచ్చ చూసుకుని, ఇది మా అమ్మ చేసిందే అనుకుంటోందా? తెలియదు. తెలుసుకోవాలంటే వాళ్ల గడప ముందు నిలబడి, ఆ మాట మొదట అన్నది నేనేనని చెప్పాలి. ఇప్పటికి మీకు మాత్రమే చెప్పగలిగాను.