కుట్టు లోపల వదిలిన గుడ్డ

మాస్టర్ పోయారన్న సంగతి నాకు చాయ్ హోటలాయన ఫోన్ చేసి చెప్పాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాస్టర్ టైలర్ షాపు పక్కనే ఆయన హోటలు. "మాస్టర్ సాబ్ పోయిండు సార్. తెల్లారంగ, నిద్రల్నే పోయిండట," అన్నాడు. ఆ వెంటనే, "మీ కోటేమన్న షాపుల ఉన్నదా?" అని అడిగాడు. లేదు, నా కోటు ఇంట్లోనే ఉంది. అయినా ఆ ప్రశ్నకు నాకు కోపం రాలేదు. మాకూ మాస్టర్‌కూ ఉన్న చుట్టరికమంతా కోట్ల మీదుగానే కదా నడిచింది.

ఆయనకు పేరు లేక కాదు, మేమెవ్వరం వాడలేదు. పడుచు వయసులో కోస్తా నుంచి వచ్చి, ఆ సందులో కోట్లు మాత్రమే కుడుతూ ముసలివాడైపోయిన మనిషి. తాను మాత్రం ఒంటి మీద కోటు వేసుకోగా నేను చూడలేదు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, మెడలో టేపు. నా పెళ్లికి కూడా ఆ టేపుతోనే వచ్చి, భోజనాల దగ్గర గుర్తొచ్చి తీసి జేబులో పెట్టుకున్నారు.

నా పెళ్లి తెలంగాణ ఉద్యమం రోజుల్లో కుదిరింది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. పగలు జూనియర్ కాలేజీలో పాఠాలు, సాయంత్రం చౌరస్తాలో దీక్షా శిబిరంలో ఉపన్యాసాలు. గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. రిసెప్షన్‌కు తళతళలాడే మెరూన్ కోటు కావాలని మాస్టర్ దగ్గరికి వెళ్లాను.

"ఇది రిసెప్షన్ రోజు మీరేసుకుంటారు బాబూ. మర్నాటి నుంచి బీరువా వేసుకుంటుంది," అన్నారాయన.

నా మొహం ముడుచుకుంది. ఆయన పట్టించుకోకుండా నేవీ బ్లూ గుడ్డ తీసి, కరెంటు దీపం కింద కాదు, సందులోకి తీసుకొచ్చి ఎండలో చూపించారు. కింద అదే రంగు ప్యాంటు వద్దని, బూడిదరంగుది చాలన్నారు. అలాగైతే కాలేజీకీ పనికొస్తుంది, రేపు మీ పిల్లల బడికీ పనికొస్తుందన్నారు. పెళ్లే కాలేదు, అప్పుడే పిల్లల బడి! "గదిలోకి ముందు మనిషి రావాలండీ, వెనకాల కోటు రావాలి," అనేవారు. భుజం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు చూశారు. భుజం కుదరకపోతే ఎవరూ బాగుచెయ్యలేరనీ, మిగతావన్నీ తాను చూసుకుంటాననీ అన్నారు. కోటు చెయ్యి కింద చొక్కా అర అంగుళం కనపడాలి. కింది గుండీ పెట్టుకోకూడదు. కూర్చునేటప్పుడు పై గుండీ కూడా తీసెయ్యాలి. అన్నిటికీ తలూపి, చేతి మీద గుడ్డ కంపెనీ లేబుల్ మాత్రం ఉంచాలని పట్టుబట్టాను. ఆయన నవ్వి, "సరే, ఉంచుదాం. మీకు సిగ్గేసిన రోజు తీసుకురండి, విప్పుతాను," అన్నారు.

ట్రయల్‌కు రమ్మన్న రోజు బంద్. రెండు రోజులాగి వెళితే షటర్‌కు తాళం. పైన ఉండాల్సిన బోర్డు లేదు. ఆ బోర్డు మీద ఆయన సొంతూరి పేరు ఉండేది. ఆంధ్రావాళ్లు సర్దుకుని పోతున్నారని ఊరంతా పుకార్లు. మనుషుల మీద నాకు పగ లేదని మైకులో రోజూ చెప్పేవాణ్ణి. ఆ తాళం చూడగానే ఆ మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు, నా కోటు పట్టుకుని పారిపోయాడన్న కోపం ఒక్కటే మిగిలింది.

చాయ్ హోటలాయన ఇంటి గుర్తులు చెప్పాడు. ఎల్‌బీ నగర్‌లో మా శిబిరానికి రెండు సందుల అవతలే. ఆ రోజు కూడా బస్సులు లేవు. కొత్తపేట మీదుగా ఎండలో నడిచేసరికి కోపం ఇంకా ముదిరింది. మాస్టర్ భార్య తలుపు తీసింది. లోపల ఆయన మిషను మీద వంగి ఉన్నారు. అటూ ఇటూ చూడకుండా అనేశాను.

"మీరు పోయిన్రనుకున్న మాస్టర్. నా బట్ట గూడ తీస్కపోయిన్రనుకున్న."

ఆవిడ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. మాస్టర్ లేచి, ఒక చెయ్యి మాత్రమే అతికిన నా కోటును తిరగేసి బల్ల మీద పరిచారు. వెనక కుట్టు దగ్గర గుడ్డను వేళ్లతో పట్టి చూపించారు.

"ఇటు చూడండి బాబూ. ఇక్కడ అంగుళన్నర వదిలాను. మీకు ఒళ్లొచ్చినప్పుడు విప్పటానికి. వెళ్లిపోయేవాడినైతే ఇంత గుడ్డ ఎందుకు వదులుతాను? అప్పుడు విప్పేది నేనే కదా."

బోర్డు ఎందుకైనా మంచిదని షాపు యజమాని దింపించాడట. మిషను ఆగితే పెళ్లిళ్లవాళ్లు ఇబ్బంది పడతారని పని ఇంటికి తెచ్చుకున్నారట. ఈ రెండు ముక్కలూ చెప్పి ఆయన కోటు నాకు తొడిగారు. ఒక పక్క చెయ్యి లేదు, ఒంటి నిండా, అసలు కుట్టు ఎక్కడ పడాలో గుర్తుకు వేసిన తెల్లదారపు కచ్చా కుట్లు.

"భుజాలు దించండి బాబూ. కోపంగా ఉంటే కొలత తప్పొస్తుంది."

దించాను. అప్పుడే ఆ మాట వెనక్కి తీసుకుని ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. మైకు ముందు గంటలు మాట్లాడేవాణ్ణి, ఆ చిన్న గదిలో ఒక్క క్షమాపణ చెప్పలేకపోయాను. ఆవిడ మంచినీళ్లిస్తే తాగి వచ్చాను.

రిసెప్షన్ ఫోటోలన్నిటిలో నా చేతి మీద లేబుల్ ఉంది. రెండు నెలలకు సిగ్గేసింది. మాస్టర్ బ్లేడుతో నాలుగు దారాలు తెంపి, లేబుల్ నా అరచేతిలో పెట్టారు. రాష్ట్రం వచ్చింది. బోర్డు అదే ఊరి పేరుతో మళ్లీ ఎక్కింది. మా అమ్మాయి పుట్టాక ఒకసారి, ఆ పిల్ల బడిలో చేరిన ఏడు ఒకసారి కోటు విప్పించుకున్నాను. వెళ్లిన ప్రతిసారీ ఆ పాత మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఆయనేమో, "ఊపిరి బిగపట్టకండి, పొట్ట దాస్తే నాకు తెలిసిపోతుంది," అని నవ్వించేవారు. పోయినేడు మూడోసారి ఇచ్చాను. చేతులు వణుకుతున్నా ఇంకెవరికీ ఇవ్వకుండా తానే కుట్టారు.

ఫోన్ వచ్చిన రోజు వాళ్లింటికి వెళ్లాను. సొంతూరికి తీసుకెళదామా అని కొడుకు అడుగుతున్నాడు. "ఎందుకు నాయనా, ఇక్కడే," అంది ఆవిడ. ఎల్‌బీ నగర్ శ్మశానంలోనే జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ నన్ను పిలిచింది.

"మొన్న కూడా మిమ్మల్ని తలుచుకున్నారు బాబూ. మీ కోటులో ఇంకో అర అంగుళం ఉందని చెప్పమన్నారు."

ఎన్నో ఏళ్ల కిందట తలుపు దగ్గర నిలబడి నా మాట విన్నది ఆవిడే. "అమ్మా, ఆనాడు నేనన్న మాట," అని మొదలుపెట్టాను, పూర్తిచెయ్యలేకపోయాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

ఇంటికొచ్చి కోటు తీశాను. ఇప్పటికే నడుము దగ్గర పట్టేస్తోంది. "ఇగ ఎవరికి ఇస్తవు?" అంది మా ఆవిడ. లోపలి అస్తరు అంచు విప్పి చూశాను. అర అంగుళం గుడ్డ అలాగే ఉంది. దాని మీద మెడ నుంచి కిందిదాకా, అక్కడక్కడా కాస్త వంకరపోతూ, తెల్లదారపు కచ్చా కుట్లు. ఈసారి ఎక్కడ కుట్టాలో మాస్టర్ ముందే గుర్తు పెట్టి ఉంచారు.