గుర్రం దగ్గితే తెరుచుకున్న కిటికీ

గుర్రపుశాలలో అందరూ ఆయన్ని దుప్పటి మామ అనేవారు. చలిగాలి అంటే ఆయనకు సింహస్వప్నం. ఇంట్లోనూ శాలలోనూ కిటికీలన్నీ బిడాయించేవాడు. తను సాకే ఎర్ర గుర్రం వారం నుంచి పొడిదగ్గు దగ్గుతుంటే దానికి ఒక దుప్పటి కప్పాడు. దగ్గు ఎక్కువైతే ఇంకొకటి కప్పాడు.

చివరికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. గుర్రానికి జ్వరం లేదు, ముక్కు మాత్రం కాస్త కారుతోంది.

"మేత తింటోందా బాబాయ్?"

"నాకంటే బాగా తింటోందమ్మా. చలిగాలి తగిలుంటుంది. ఆ పై కన్నం కూడా మూసేయమంటావా?"

ఆవిడ ఎండుగడ్డి మోపు ఎత్తి ఆయన ముఖం ముందే దులిపింది. దుమ్ము గుప్పున లేచింది. మామ తుమ్మి, దగ్గి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు, నీకూ చలిగాలేనా?"

"గాలాడక చస్తున్నా తల్లీ!" అంటూ ఆయనే పరిగెత్తి కిటికీలన్నీ బార్లా తెరిచాడు.

ఆ రోజు నుంచి దుమ్ము లేవకుండా గడ్డి తడిపి పెట్టాడు, గుర్రానికి సవారీ మాన్పించి ఆరుబయట కట్టాడు. పది రోజులకు దగ్గు మాయమై, గుర్రం పచ్చికలో పొర్లి పొర్లి ఆడింది. మామ పొంగిపోయి ఇంటికెళ్లి, వెళ్తూనే పడకగది కిటికీ తెరిచాడు.

భార్య గుడ్లప్పగించి చూసింది. "ముప్పై ఏళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినలేదు. గుర్రం మాట విన్నారా?"

"అది దగ్గిందే! నువ్వెప్పుడైనా దగ్గావా?"

"ఆ ముక్క ముందే చెప్పుంటే, పెళ్లిపీటల మీదే దగ్గేదాన్ని కదండీ!"