పారబోసే పిండి, మామిడిపండు కాబ్లర్

మామిడిపండు కాబ్లర్ చేసింది నేను. పేరు మా బావమరిదికి పోయింది.

ఈ రెండు ముక్కలూ ముందే రాసేస్తున్నాను. మా ఇంట్లో ఈ సంగతి ఎత్తితే రెండో ముక్క దాకా నన్నెవరూ రానివ్వరు. "మళ్ళీ మొదలెట్టారా" అంటూ మా ఆవిడ గిన్నెల చప్పుడు పెంచుతుంది. కాగితం మాత్రం పాపం అడ్డం రాదు.

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, చీమకుర్తి నల్లరాయి కోసం ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి మా దుమ్ములో దిగేవాళ్ళు. నేను ఒక క్వారీ గేటు దగ్గర స్టూలేసుకుని వచ్చేపోయే లారీల నంబర్లు రాసేవాణ్ణి. నాకప్పటికి నలభై నిండలేదు. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే అదీ కుర్రతనమే. ఐదో తరగతితో బడి మానేశాను (మాస్టారు కొట్టి కాదు, గాలివానకి బడి పైకప్పు లేచిపోయింది, మళ్ళీ కప్పేసరికి నాకు మీసాలొచ్చాయి). ఆ తర్వాత పకోడీల పొట్లాలు చదివి తెలుగూ, లారీల వెనక రాతలు చదివి ఇంగ్లీషూ సొంతంగా నేర్చుకున్నాను. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలియనిది లోకంలో ఏదో ఉందంటే నమ్మడు. నాకా జబ్బు బాగా ముదిరి ఉండేది.

క్వారీ వాళ్ళ గెస్ట్‌హౌస్ గేటుకి ఎదురుగానే. అందులో వంటమనిషి మా ఆవిడ తమ్ముడు. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది కూడా నేనే (ఇది కూడా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు). ఏటా వేసవి మొదట్లో అమెరికా నుంచి ఒక దొర వచ్చి మూడు వారాలు ఉండేవాడు. ఆయన వ్యాపారం సమాధి రాళ్ళు. పెద్ద పెద్ద బండల మీద నీళ్ళు పోయించి, వంగి, చేత్తో నిమిరి, తన ఊళ్ళో పోబోయేవాళ్ళ కోసం రాయి ఏరుకునేవాడు. మనిషి మాత్రం నవ్వులమారి. మన బేకరీ రొట్టె తియ్యగా ఉంటుందని తినలేక, తన రొట్టె తనే కాల్చుకునేవాడు. అందుకోసం విజయవాడ నుంచి ఒక కరెంటు ఓవెన్ తెప్పించుకున్నాడు. ఇక రొట్టె పొంగడానికి సీసాలో పులిసిన మైదాపిండి ఒకటి వెంట తెచ్చుకునేవాడు. అది వాళ్ళమ్మ కాలం నుంచీ బతుకుతున్న పిండట. రోజూ పొద్దున్నే అందులో సగం తీసి పారబోయాలి, మిగిలిన సగానికి కొత్త మైదా, నీళ్ళు పెట్టాలి. అలా పెట్టకపోతే చచ్చిపోతుందట. క్వారీ గుమాస్తా గారికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి, ఆయన ఈ సంగతంతా మా బావమరిదికి అప్పజెప్పాడు.

వాడు రోజూ గిన్నెడు పిండి తీసుకెళ్ళి కుళాయి పక్కన కుమ్మరించేవాడు. నేను గేటు నుంచి చూసేవాణ్ణి. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు రోడ్డు దాటి వెళ్ళాను. మా అమ్మ దోశెల పిండి అడుగంటినా గరిటెడు దాచి రేపటి పిండిలో కలిపేది. ఆమె కడుపున పుట్టినవాణ్ణి, చూస్తూ ఊరుకోగలనా? దొర పారబొయ్యమన్నాడు బావా అని వాడు, పారబొయ్యమంటే పారబోస్తావా అని నేను. చివరికి ఆ పిండి నాకు ఇచ్చెయ్యమన్నాను. స్టీలు క్యాన్ తెచ్చి అందులో పోయించుకుని స్టూలు కింద పెట్టుకున్నాను. ఏ పూటకాపూట దానికి కూడా కాస్త మైదా, నీళ్ళు పెట్టాను (దొర పిండికి ఆకలైతే దీనికి కాదా?). నాలుగో రోజు మధ్యాహ్నం ఎండలో ఆ క్యాన్ మూత ఎగిరింది. పిండి బుసబుసా లేచి కింద పెట్టిన లారీల రిజిస్టరు మీదికి పాకింది. మూడు రోజుల నంబర్లు అందులో కలిసిపోయాయి. గుమాస్తా గారు ఆ రిజిస్టరు రెండు వేళ్ళతో పట్టుకుని దొర దగ్గరికే తీసుకెళ్ళి చూపించాడు.

దొర కడుపు పట్టుకుని నవ్వాడట. వాళ్ళమ్మ కూడా ఆ పిండి పారబోసేది కాదనీ, దాంతో కాబ్లర్ అనే పండ్ల తీపి వంటకం చేసేదనీ చెప్పాడట. నేను వెంటనే వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన చేతులు తిప్పుతూ చెప్పాడు, గుమాస్తా గారు తెలుగులో అన్నాడు, నేను రాసుకున్నాను. పండ్లు కోసి పంచదార కలిపి అడుగున పరవాలి. పులిసిన పిండిలో వెన్న, పంచదార, కాస్త పొడి మైదా కలిపి పైన ముద్దలు ముద్దలుగా వెయ్యాలి. ఎర్రబడేదాకా కాల్చాలి. ఇంతే. ఆయన తిరుగు ప్రయాణం రోజున అది చేసి పెట్టాలని, మన చేతి వంట తిని దేశం దాటాలని ఆ క్షణానే నిశ్చయించుకున్నాను. జీవితంలో లారీ నంబర్లు తప్ప ఇంకోటి నా చేతి మీదుగా పోలేదన్న దుగ్ధ ఒకటి ఉండేది లెండి.

ఆ రోజు రానే వచ్చింది. మా ఇంట్లో ఆఖరి కోత మిరపకాయలు కల్లంలో ఉన్నాయి. తెల్లవారుజాము నుంచి మా ఆవిడతో కూర్చుని తొడిమలు తీసి, అట్నించి అటే గెస్ట్‌హౌస్‌కి వచ్చాను. మా బావమరిది సింగరాయకొండలో పెళ్ళికి పోయాడు. అదీ మంచిదే అనుకున్నాను. ఉలవపాడు మామిడిపండ్లు అరడజను కోసి పరిచాను. పిండి రెండు చేతులతో పిసికాను (చెంచాతో కలిపింది వంటే కాదని నా అభిప్రాయం). ఓవెన్ మీట నొక్కితే కరెంటు లేదు. ఇంకో రెండుసార్లు నొక్కి చూశాను. తర్వాత మా అమ్మ దిబ్బరొట్టె గుర్తొచ్చింది. మందపాటి బాణలి తెచ్చి, కింద సన్నటి సెగ, పైన మూత, మూత మీద నిప్పులు. గంట సేపు కదల్లేదు. మూత తీస్తే మామిడిరసం పక్కల నుంచి ఉడుకుతోంది, పైన ముద్దలు ఎర్రగా విచ్చుకున్నాయి. అంచులు గోకి నేనూ, గుమాస్తా గారూ, ఇద్దరు లారీ డ్రైవర్లూ రుచి చూశాం. ఎవరూ వంక పెట్టలేదు.

సరిగ్గా అప్పుడు దిగాడు మా బావమరిది, పెళ్ళి బట్టల్లో.

"మసి చేతులతో దొర ముందుకెళ్తావా బావా? ఇటివ్వు, నేను పెట్టొస్తా."

ఇచ్చాను. అదే నా తప్పు. కిటికీ దగ్గర నిలబడి చూశాను. దొర ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండో చెంచాకి మొహం ఎర్రబడింది. మూడో చెంచాకి కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. మంచినీళ్ళు తాగాడు, మళ్ళీ తిన్నాడు, మళ్ళీ తాగాడు. పళ్ళెం ఖాళీ చేశాడు. "తల్లి గుర్తొచ్చిందయ్యా ఆయనకి" అని గుమాస్తా గారు నా చెవిలో అన్నాడు. ఎదురుగా కూర్చున్న క్వారీ మేనేజరు గారు కూడా జేబురుమాలు తీశారు. దొర ముక్కు తుడుచుకుని ఎవరు చేశారని అడిగాడు. మా బావమరిది రెండు చేతులూ జోడించి "నేనేనండి" అన్నాడు. దొర లేచి వాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను కిటికీలోంచి నా మసి చేతులు రెండూ చూపించాను, ఎవరూ ఇటు తిరగలేదు. సాయంత్రం దొర కారు గేటు దగ్గర ఆపించి, దిగి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ కారెక్కాడు. గేటు మనిషిని కూడా మర్చిపోలేదే అని ఇంకా ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మా బావమరిదిని ఒంగోల్లో కొత్త గెస్ట్‌హౌస్‌కి పెద్ద వంటవాడిగా వేశారు. బంధువుల్లో ఎక్కడికి పోయినా "దొరని ఏడిపించిన చెయ్యి" అంటూ వాడి చెయ్యి పట్టుకుని చూసేవాళ్ళు. అది నా చెయ్యి. ఒక శుభకార్యంలో విస్తరి ముందు కూర్చుని నిలదీశాను.

"ఒరేయ్, చేసిందెవర్రా?"

"నువ్వే బావా, నేను కాదన్నానా? కిటికీ అవతల మా బావున్నాడు, ఆయన్నడగండి అని ఇంగ్లీషులో చెప్పడం వస్తే నేను వంటింట్లో ఎందుకుంటా?"

"నేనేనండి అన్నావుగా, అది తెలుగేగా?"

"అదొక్కటే వచ్చింది బావా నోటికి."

మా ఆవిడ పక్క వరసలోంచి, తన తమ్ముడికో మంచి మాటొస్తే నాకు అరగదని అందరికీ వినపడేలా అంది. సాక్షిగా పిలుద్దామంటే గుమాస్తా గారు ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. ఇక దొరే దిక్కు. బండలు పంపే చెక్కపెట్టె మీద ఆయన చిరునామా ఉంటే రాసుకుని, నిఘంటువు ముందు పెట్టుకుని నా ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఆరు నెలలకి ఇంకోటి, ఇంకాస్త కోపంగా. ఆ తర్వాత ఆయన రావడమే మానేశాడు, మనిషి మంచానపడ్డాడన్నారు. అయినా మూడోది రాశాను. అందులో ఒక్కటే అడిగాను: చేసింది నేనని మీరొక్కరు ఒప్పుకుంటే చాలు, ఇంకేమీ వద్దు.

రెండేళ్ళ తర్వాత జవాబొచ్చింది. ఎవరి చేతా చదివించుకోలేదు, రెండు రోజులు కూర్చుని నేనే చదువుకున్నాను. మా బావమరిది మొహాన కొట్టడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. అయినా ఇరవై ఏళ్ళయింది, అది ట్రంకుపెట్టెలోంచి బయటికి రాలేదు. గేటు దగ్గర స్టూలు మీద పళ్ళు నూరుకుంటూ కూర్చున్న ఆ మనిషిని ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు, వెళ్ళి ఒక చెంబెడు నీళ్ళిచ్చి పక్కన కూర్చోవాలనిపిస్తుంది. ఉత్తరం ఎందుకు దాచానో మీకే తెలుస్తుంది, తెలుగులో రాస్తున్నాను:

"మీ మూడు ఉత్తరాలూ అందాయి. ఆరోగ్యం బాగాలేక ఆలస్యం చేశాను, క్షమించండి. చేసింది మీరేనని నాకు ఆ రోజే తెలుసు. వంటాయన చెయ్యి పట్టుకున్నాక కళ్ళు తుడుచుకున్నాను, ఏమీ కాలేదు. గేటు దగ్గర మీ చేతులు పట్టుకున్నాక కళ్ళు తుడుచుకున్నాను, మద్రాసులో విమానం ఎక్కేదాకా మంటకి కళ్ళు తెరవలేకపోయాను. కాబట్టి ఆ వంట మీదే, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. అమ్మ గుర్తొచ్చిందా అని మీ మేనేజరు గారు అడిగితే, ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి కదా అని అవునన్నాను. మా అమ్మ కాబ్లర్ నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు తిన్నాను. ఒక్కసారి కూడా ఏడవలేదు."