ఎడమ చేతి ట్యూబు

చర్మవ్యాధుల డాక్టరమ్మ కుర్చీలో కుదురుగా కూర్చోదు. ఇంట్లో ఆడపడుచు చెయ్యి పట్టుకున్నా "మంటగా ఉందా?" అని అడుగుతుంది. ఆమె చేస్తున్న పరీక్షలో ఒక చేతికి కొత్త మందు, రెండో చేతికి మందు లేని పూత. ఏ ట్యూబులో ఏముందో ఆమెకూ తెలియదు. ఈ రోజు వచ్చిన దర్జీ పెద్దావిడకు పొలుసులు పోయి రెండు చేతులూ నున్నగా ఉన్నాయి.

"రెండూ ఎలా తగ్గాయమ్మా?"

"ఎడమ చేతిది బాగా పనిచేసింది. కుడి చెయ్యి ఏం పాపం చేసింది తల్లీ? దానికీ అదే రాశా."

ఇక ఈవిణ్ణి లెక్కలోంచి తీసేయాల్సిందే. కసరబోయిన డాక్టరమ్మ, ఆ చేతుల్ని వదల్లేక తిప్పి తిప్పి చూసింది. పెద్దావిడ వెళ్లాక, ఆవిడ తిరిగిచ్చిన, అడుగున కాస్త మిగిలిన ఎడమ చేతి ట్యూబును బీరువాలో పెట్టి తాళం వేసింది. తెల్లకోటు కింద, ఏ మందుకూ లొంగని పొలుసులున్న తన మోచేతిని గీరుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, తాళం లాగి చూసింది.