చందనం చెట్టు కావలి

మునిచంద్ర కాళ్లు ఒకచోట నిలవవు. ఇరవై ఏళ్లుగా శేషాచలం అడవిలో ఎర్రచందనం చెట్లకు కాపలా కాస్తున్న వాచరు. ఎండుటాకు చప్పుడైనా చేతికర్ర బిగించి పట్టుకుంటాడు. అలాంటి మనిషికి, బడిపిల్లలకు ఆ చెట్టును పరిచయం చేసే పని అప్పగించారు. "ఎండలకి ఆకు రాల్చేసుండాది, సచ్చిపోలేదు. బెరడు సూడండి, మొసలి వీపు మాదిరి ఉండాది. ఆ సందుల్లో తొండలు, పైన వడ్రంగిపిట్ట" అని గబగబా చెబుతున్నాడే గాని, చూపు పిల్లల చేతుల మీదే ఉంది. ఎవరైనా మాను నిమిరితే చాలు, "ఏయ్, ముట్టొద్దు!" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకుంటున్నాడు.

చిన్న అప్పడంలా గుండ్రంగా ఉన్న ఎండుకాయ ఒకటి కింద దొరికితే, పవిత్ర అనే పాప దాన్ని సంచిలో వేసుకుంది. అతడు రెండంగల్లో వచ్చి ఆ పాప మణికట్టు పట్టుకున్నాడు.

"యాడికి ఎత్తుకుపోతా ఉండావు?"

పాప సంచిని గుండెకు హత్తుకుంది. "మా ఇంటికాడ నాటుదామని సార్."

ఈ చెట్టును నాటుతానన్న మనిషిని అతడు పట్టుకోవడం ఇదే మొదలు. చెయ్యి వదిలేశాడు. వంగి, గట్టి కాయలు మరో నాలుగు ఏరి ఆమె సంచిలో వేశాడు.

"గేటుకాడ ఎవురన్నా అడిగితే మునిచంద్ర ఇచ్చినాడని చెప్పు పాపా" అన్నాడు, అటూ ఇటూ చూస్తూ.

గేటు దగ్గర సంచులు వెతికేదీ అతడే.